సంతాపము తెలుపువారు

జ్యేష్ఠమాసపు తుదిదినములు. సముద్రముమీదినుండి లేచివచ్చిన ధూసరవర్ణ మేఘమాలిక కాకినాడ రేవును దాటి పట్టణముపై నిలిచి వర్షింపకయు తొలగిపోవకయు నాలుగు దినములుగా ఒక్కతీరున కమ్ముకొనియుండెను. గాలి స్తంభించియుండెను. కొబ్బరిమట్ట కదలదు. దండెములపై ఆరవేసిన వస్త్రములు ఉప్పుతేమచే బరువెక్కి ప్రొద్దెక్కినను తడియారక వ్రేలాడుచుండెను. ఆటోలవారు సైతము బేరమాడు నోపిక లేనివారై వంతెన నీడలో కనులు మూసికొని కూర్చుండియుండిరి. వెలుతురున్నదిగాని యెండ లేదు. మబ్బున్నదిగాని వాన లేదు. ఉదయమో మధ్యాహ్నమో గడియారము చూచినగాని తెలియరాని యట్టి వేళ ఊరంతయు ఊపిరి బిగబట్టినట్లుండెను.

ఆ పట్టణమున రేవునకు పోవు దారిలో మూడవ సందునందలి యొక చిన్న డాబాయింటి ముందరిగదిని నీలిరంగు తెర యొకటి రెండుగా విభజించుచుండెను. తెరకు ఈవల దివాను టీవీ పిల్లపుస్తకముల అలమర. ఆవల ఒక బల్ల ఒక కంప్యూటరు చెవులకు తగిలించుకొను ఫోను. ప్రతిదినము తొమ్మిదిగంటలు మొదలు అయిదుగంటలవరకు అచ్చట కూర్చుండి పనిచేయునామె ఇందుమతి. ఆమె వయస్సు నలుబదియొకటి. ఒక దినపత్రికయొక్క జిల్లాశాఖకు మరణవార్తలను శ్రద్ధాంజలులను స్వీకరించి వ్రాయుట ఆమె ఉద్యోగము. ఆత్మీయులను కోల్పోయినవారు పత్రికలో అచ్చయిన నంబరునకు టెలిఫోను చేయుదురు. ఆమె మృతుల పేరును వయస్సును మరణించిన వేళను సంతాపము తెలుపువారి పేర్లను వరుసగా అడిగి తెలిసికొని శాఖలో మరెవ్వరికిని చేతకానంత గంభీరముగా నాలుగు పంక్తులు కూర్చి చదివి వినిపించి అచ్చునకు పంపును. నాలుగు సంవత్సరములక్రిందట యాజమాన్యము కార్యాలయమును ఎత్తివేసి ఉద్యోగులెల్లరు ఎవరియింటనుండి వారు పనిచేయవలసినదని ఆజ్ఞాపించినది మొదలు ఆ టెలిఫోను ఆమె యింటనే మ్రోగుచుండెను.

తొలిదినములలో ఇందుమతికి అది సంతోషముగనే యుండెను. బస్సునకై పరుగెత్త నక్కరలేదు. భర్త ప్రభాకరము రేవులో సరకుల తూకము చూచు గుమాస్తా. అతడు మధ్యాహ్నభోజనమునకు వచ్చువేళకు వేడియన్నము వడ్డింపవచ్చును. అప్పటికి ఆరేండ్లదైన కూతురు శ్రావ్య బడినుండి వచ్చునప్పటికి ఎదురుగా నుండవచ్చును. ఇట్లు తలంచి ఆమె వంటింటి గట్టుమీదనే కంప్యూటరు నుంచుకొని ఒకచేత కూర కలియబెట్టుచు ఒకచేత పేర్లు వ్రాసికొనుచుండెను. ఒకనాడు ఎదిగిన కొడుకును పోగొట్టుకొనిన తండ్రి యొకడు మాటరాక ఏడ్చుచుండగా పొయ్యిమీది కుక్కరు పెద్దపెట్టున కూతవేసెను. ఆ తండ్రి యేడుపు ఆగిపోయెను.

“మీ ఇంట్లో వంటవుతోందా అమ్మా?” అని అతడడిగెను. ఆ కంఠమున కోపమించుకయు లేదు. “కానీయండి. నేను తర్వాత చేస్తాను.”

అతడు మరల చేయలేదు.

ఆ సాయంకాలమే ఇందుమతి నీలితెర కొనితెచ్చి కట్టించెను. తెరతోపాటు నియమములును ఏర్పరచెను. తొమ్మిదిగంటలకు తెర వెనుకకు పోయినది మొదలు ఆమె ఆ యింట లేనట్లే. పొయ్యి వెలిగింపరాదు. టీవీ పెట్టరాదు. ఆకలిగొన్నవారు వంటయింటిలో మూతపెట్టియుంచినది తామే వడ్డించుకొని తినవలెను. తన సొంత ఫోనును ఆమె వంటయింటి స్టీలుడబ్బాలో వేసి మూతబిగించి వచ్చుచుండెను. ప్రభాకరము నెమ్మదస్తుడు. ఒంటరిగా భుజించి కంచము కడిగి చప్పుడు చేయక తలుపు చేరవేసి పోవుట అలవరచుకొనెను. పిల్ల మునివ్రేళ్ళమీద నడచుట నేర్చుకొనెను. ఇట్లు పనినుండి యింటిని ఇంటినుండి పనిని వేరుచేసితినని ఇందుమతి నెమ్మది నొందెను.

ఆ నియమములకు అందరికన్న నెక్కువ లోబడినది ఆమె యక్క సత్యవేణి. ఇందుమతి ఆరవయేట తల్లి చనిపోగా పదియేండ్లు పెద్దదైన ఆ యక్కయే తల్లియై తలదువ్వి రెండుజడలు వేసి బడికి పంపి పెంచినది. రామచంద్రపురమున హైస్కూలు డ్రిల్లుమాస్టరైన వీరభద్రమునకు ఆమె భార్య. వారికి డిగ్రీ చదువుచున్న మల్లిక యను కూతురొక్కతె. సత్యవేణి ప్రతిదినము పదకొండుగంటలకు చెల్లెలికి ఫోను చేసి “ఇందూ, ఏం కూరే?” యని యడుగును. వంకాయ యనిన వంకాయ గూర్చియు బెండకాయ యనిన బెండకాయ గూర్చియు రెండుమాటలాడి పెట్టివేయును. అంతకుమించి ఆ పిలుపులో ఏమియు నుండదు. తెర కట్టిన మరునాడు ఇందుమతి అక్కతో నిట్లనెను.

“పనివేళ చెయ్యకే అక్కా. ఏడ్చేవాళ్ళతో మాట్లాడుతుంటానా, మధ్యలో కూరల సంగతంటే నావల్ల కావట్లేదు.”

“సరేలేవే. నీ పని పాడు చెయ్యడం దేనికి,” అని సత్యవేణి నవ్వెను. ఆనాటినుండి పదకొండుగంటల పిలుపు సాయంకాలమునకు మారెను. సాయంకాలము ఇందుమతికడ మాటలు మిగిలియుండెడివి కావు. పిలుపులు ఆదివారములకు తగ్గెను. పిదప పండుగలకు తగ్గెను.

తెర కట్టిన మొదటియేట ఇందుమతి టెలిఫోను చేసినవారితోకూడ కన్నీరు కార్చెడిది. రెండవయేట కన్నులు చెమ్మగిల్లుట మానెనుగాని గొంతు కొంచెము పట్టుకొనెడిది. మూడవయేటికి అదియు నుడిగెను. పసివాడు పోయినను వృద్ధుడు పోయినను ఆమె కంఠము ఒక్కతీరుననే సానుభూతి తెలుపుచుండెను. ఆ మృదుస్వరము విని దుఃఖితులు ఊరడిల్లుచుండిరి, శాఖాధికారి మెచ్చుకొనుచుండెను. ఆమెకుమాత్రము ఆ స్వరము ఎవ్వరిదో తన నోటినుండి వెలువడుచున్నట్లు తోచుచుండెను. అయిదుగంటలకు తెర తొలగించి యీవలకు వచ్చునుగాని మూడడుగులలో మనిషి మారునా? ఒకనాటి సాయంకాలము శ్రావ్య బడిలో జరిగిన పరుగుపందెము గూర్చి చేతులు త్రిప్పుచు చెప్పి ముగింపగా ఇందుమతి శ్రద్ధగా తలయూచి టెలిఫోనులో నడుగునట్లే “ఇంకేమైనా చేర్చాలాండీ?” యని యడిగెను. పిల్ల తెల్లబోయెను. ప్రభాకరము తలయెత్తి భార్యను చూచి మరల కంచమువైపు చూపు మరల్చుకొనెను. తానేమి యన్నదో ఇందుమతి యెరుగదు.

మేఘములు కమ్ముకొనియున్న ఆ జ్యేష్ఠమాస దినమున అప్పటికి ఆమె నాలుగు ప్రకటనలు వ్రాసియుండెను. గడియారము పదకొండున్నర చూపుచుండెను. టెలిఫోను మ్రోగెను. ఆవలి కంఠము బొంగురుపోయి తునిగి తునిగి వినవచ్చుచుండెను.

“అమ్మా... సత్య పోయిందమ్మా.”

పిలుచువారెల్లరు ఆమెను అమ్మా యనియే పిలుతురు. పోయిందమ్మా యనియే మొదలిడుదురు. ఇందుమతి వ్రేళ్ళు అలవాటుచొప్పున అక్షరములపై నిలిచెను.

“మా ప్రగాఢ సానుభూతి తెలుపుకుంటున్నామండీ. మృతుల పూర్తిపేరు చెప్పండి.”

ఆవల ఎవరో నడచిపోయిన చప్పుడు. ఏదో బండి చక్రము కిర్రుమన్న ధ్వని.

“కొప్పిశెట్టి... కొప్పిశెట్టి సత్యవేణి.”

ఆ పేరు ఆమె చెవిని సోకెను. వ్రేళ్ళు దానిని అచ్చుతప్పు లేకుండ వ్రాసెను.

“వయసెంతండీ?”

“యాభై ఒకటి.”

“ఎప్పుడు, ఎక్కడ జరిగిందండీ?”

“ఇందాకే. పదకొండింటికి. ఊళ్ళో పెద్దాసుపత్రిలో. గుండెనొప్పన్నారు.”

“సంతాపం తెలిపేవారి పేర్లు వరసగా చెప్పండి.”

“భర్త వీరభద్రం. కూతురు మల్లిక. చెల్లెలు...” ఆ కంఠము ఆగెను. “చెల్లెలివి నువ్వేగా ఇందూ.”

చెల్లెలు ఇందుమతి యని వ్రేళ్ళు వ్రాసెను. అంతట ఆమె నోట ప్రతిదినము పదిమార్లు వెలువడు మాటయే వెలువడెను.

“ఇంకేమైనా చేర్చాలాండీ?”

ఇంటిముందు కూరగాయల బండివాడు కేక వేసికొనుచు పోవుట ఆమెకు స్పష్టముగా వినబడెను. ఎదురుగా వెలుగుచున్న తెల్లని ఫలకముపై తన పేరును తానొకసారి చదివెను. ఇంకొకసారి చదివెను.

“బావగారూ,” అనెను.

“ఆఁ అమ్మా. నేనే. నీ ఫోనెత్తట్లేదని పేపరు నంబరుకి చేశాను. వచ్చెయ్యమ్మా.” ఇట్లు చెప్పి ఆయన పెట్టివేసెను. మైదానమున మున్నూరుమంది పిల్లలను ఒక్క కేకతో నిలువరించు ఆ డ్రిల్లుమాస్టరు కంఠము అంత సన్నగిలుననుట ఇందుమతి యెన్నడును ఎరుగదు.

తరువాత ఆమె చేసినది ఆమెకే చిరకాలము అర్థముకాలేదు. ఆమె లేవలేదు. అక్కకు నాలుగు పంక్తులు కూర్చి ఒక విశేషణము మార్చి అచ్చునకు పంపెను. మరల టెలిఫోను మ్రోగగా ఎత్తి పిఠాపురములో మరణించిన విశ్రాంత పోస్టుమాస్టరుగారి వివరములను వ్రాసికొనెను. ఆ వెనుక చెవులనుండి ఫోను తీసి బల్లపై నుంచి వంటయింటికి పోయి స్టీలుడబ్బా మూత తీసెను. ఎత్తని పిలుపులు పదునాలుగు. పదునొకండు బావగారివి. వానికి మునుపటి మూడును అక్క సొంత ఫోనునుండి వచ్చినవి. తొమ్మిదిన్నరకును పదిగంటలకును నడుమ.

ప్రభాకరమునకు కబురు చేయగా అతడు సెలవుపెట్టి వచ్చెను. పిల్లను తీసికొని మువ్వురును బస్సులో బయలుదేరిరి. దారిపొడవున నారుమళ్ళు పచ్చగా నుండెను. ప్రభాకరము ఆమె చేయి పట్టుకొనియే యుండెను. ఆ చేయి తనదని ఆమెకు తోచుటలేదు. రామచంద్రపురములో యింటిముందు వేసిన షామియానా క్రింద ఇరుగుపొరుగు స్త్రీలు ఆమెను చూచి గొల్లుమనిరి. తల్లివంటి యక్కను పోగొట్టుకొనినది ఎట్లు విలపించునోయని అందరును దారి యిచ్చిరి. ఇందుమతి పోయి అక్క తలకడ కూర్చుండి నుదుటి వెండ్రుకలు సవరించెను. కన్నీరు రాలేదు. రెండుగడియలు చూచి ఆ స్త్రీలు ఒకరి ముఖము లొకరు చూచుకొనిరి.

మరునాడు పత్రిక వచ్చెను. బంధువులు చేతులు మార్చుకొని చదివి “ఎవరు రాశారో గాని కడుపులోంచి రాశారు” అని మెచ్చుకొనిరి. ఇందుమతి ఆ మాటను మంచినీళ్ళ గ్లాసులు అందించుచు వినెను.

మూడవనాటి సాయంకాలము పెరటిలో గిన్నెలు కడుగుచున్న ఆమె ఎదుటికి మల్లిక వచ్చి నిలిచెను. ఏడ్చియేడ్చి ఉబ్బిన కన్నులలో అప్పుడు నీరు లేదు.

“పిన్నీ, అమ్మ నీకు మూడుసార్లు చేసింది. ఆటోలో వెళ్తూ. పనిలో ఉందిలే, మళ్ళీ చేద్దాం అని ఫోను నాకిచ్చేసింది.”

ఇందుమతి గిన్నె క్రింద పెట్టెను.

“నాన్న చేస్తే పేరేంటని అడిగావంట.”

“అడిగాను.”

“వయసెంతని కూడా అడిగావంట. నీకు తెలీదా పిన్నీ?”

తెలియునా తెలియదా? ఆ ప్రశ్న నాటినుండి ఆమె లోలోపల తిరుగుచునే యుండెను. పేరు వినినంతనే ఎచ్చటనో తెలిసినది. తెలిసియు నోరు తన తరువాతి ప్రశ్నను తానడిగెను. తెలియక యడిగితినని చెప్పిన అబద్ధము. తెలిసి యడిగితినని చెప్పుటకు నాలుక రాదు. ఆమె మరల గిన్నె చేతబట్టి తోమసాగగా ఆ పిల్ల చూచి లోపలికి పోయెను. తరువాతి దినములలో పిన్నీ యని పిలువనును లేదు.

పెద్దకర్మ ముగిసినపిదప ఊరికి తిరిగిపోవు ప్రొద్దున వీరభద్రము ఆమెను వీథియరుగుపై కూర్చుండబెట్టుకొనెను. మీసములు తెల్లబారిన ఆ పెద్దమనిషి తన అరచేతులు చూచుకొనుచు నిట్లనెను.

“మల్లి మాటలు మనసులో పెట్టుకోకమ్మా. నిజం చెప్పనా? ఆ పూట డాక్టరడిగాడు, నర్సడిగింది, నా నోట పేరు రాలేదు. నువ్వు వరసగా అడుగుతుంటే డ్రిల్లులో నంబర్లు చెప్పినట్టు చెప్పేశాను. అది చెప్పాకే మీ అక్క పోయిందని నాకు తెలిసింది. నీమీద నాకే కోపమూ లేదు.”

అట్టి మాటకు మరియొకతె యైనచో ఆయన పాదములమీద వ్రాలి భోరున నేడ్చియుండును. ఇందుమతి తలయూచెను. ఆ క్షమ ఎవరికో పొరపాటున తనచేతికి వచ్చిన ఉత్తరమువలె ఆమెకు తోచెను. దానిని తెరచుట కామెకు హక్కు కనబడలేదు.

కాకినాడ తిరిగివచ్చి ఆమె యథాప్రకారము పనిలో కూర్చుండెను. వానలు పట్టెను. శ్రావణము పోయెను. తెర వెనుక ప్రశ్నలు అవియే, ఉత్తరములు అవియే. ఒక్కటిమాత్రము మారెను. చెల్లెలు అను మాట వచ్చినప్పుడెల్ల ఆమె వ్రేళ్ళు ఆగిపోవుచుండెను. పిలిచినవారు “ఉన్నారా అమ్మా?” యని అడుగుదాక ఆమె కది తెలియదు. డబ్బాలో ఫోను పెట్టుట మానెను. మానినను ఏమి లాభము? పదకొండుగంటలకు ఎవరును చేయుటలేదు. తెర తీసివేసెను. తీసివేసినపిదప ఇల్లంతయు తెర వెనుకభాగమే అయినట్లుండెను. పడుకొను మంచమున్నచోట మృతుల పేర్లు వినబడుచుండెను. భోజనముచేయు వేళ వ్రేళ్ళు అక్షరములను వెదకుచుండెను. ఒకనాడు ప్రభాకరము నెమ్మదిగా “నువ్వు ఇంట్లోనే ఉంటున్నావు గాని ఇందూ, నేనొచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండట్లేదు” అనెను. నిందించుటకై యన్న మాట కాదది. నాలుగేండ్లు ఓపికపట్టినవాడు అలసి యన్నమాట.

ఆశ్వయుజమున జిల్లాలో ఏజెంట్ల సమావేశమునకు శాఖాధికారి కాకినాడ వచ్చెను. ఇందుమతి పోయి ఆయన ఎదుట నిలిచెను. తాను ఆ పనిని విడుచుటలేదనియు ఇంటనుండి చేయలేననియు పట్టణములో ఎచ్చటనైనను ఒక బల్లయు కుర్చీయు చూపవలసినదనియు కోరెను. ఆయన ఆశ్చర్యపడెను.

“అదేంటమ్మా! అందరూ ఇంటినుంచి పని కావాలని బతిమాలుతుంటే. చల్లగా నీడపట్టున ఉన్నారు. మీకింకేం కావాలి?”

“ఇంటికి రావాలండీ,” అని ఇందుమతి ప్రత్యుత్తరమిచ్చెను.

ఆయనకు అర్థము కాలేదు. అయినను పదునెనిమిది సంవత్సరములుగా ఒక్క అచ్చుతప్పైనను చేయని మనిషి అడుగుటచే కాదనలేకపోయెను. కాలువ కావలియొడ్డున పత్రికల ఏజెంటు దుకాణమునకు పైని అమ్ముడుపోక తిరిగివచ్చిన పత్రికలను కట్టలుగట్టి దాచు గది యొకటి యుండెను. అందులో కిటికీకడ చోటు చేయించెను. గదియంతయు సిరావాసన. గోడలవెంట నిలువెత్తు పాతపత్రికలు. ఆ గుట్టలలో ఎచ్చటనో జ్యేష్ఠమాసపు ప్రతియు నుండియుండును, ఆమె వెదకలేదు.

మార్గశిరమాసమున ఒక సోమవారము ఆమె తొలిసారి అచ్చటికి పోయి పనిచేసెను. ఆనాడు ఏడుగురు పిలిచిరి. అయిదుగంటలకు చెవిఫోను కిటికీలో విడిచి గదికి తాళమువేసి మెట్లు దిగి వీథిలో పడెను. చలికాలపు ప్రొద్దు తొందరగా వ్రాలుచుండెను. కాలువపై పలుచని మంచు దిగుచుండెను. వంతెనపై బడిపిల్లలు సైకిళ్ళ గంటలు మ్రోగించుచు పోవుచుండిరి. మిరపబజ్జీలు వేయు మూకుడుకడ నలుగురు మూగియుండిరి. ఆమె ఎవరితోడను మాటాడలేదు. ఇరువదినిముషములు నడచెను. ఆ నడకలో మొదట ఆనాటి యేడుగురు మృతుల పేర్లును ఒకటివెంట నొకటి తలపునకు వచ్చెను. వంతెన దిగునప్పటికి అయిదు మిగిలెను. రేవుదారి మలుపు తిరుగునప్పటికి రెండు. సందులోనికి వచ్చునప్పటికి ఆమె తలపున నున్నపేరు ఒక్కటియే. అది ఆనాటిది కాదు.

ఇంటితలుపు మూసియుండెను. ఆమె చేయి తనంత తానే గడియవైపు పోయి ఆగెను. నాలుగేండ్లుగా ఆ తలుపు లోపలినుండి తెరచుటయేగాని బయట నిలిచి తట్టియెరుగదు. వ్రేలికణుపుతో రెండుమారులు తట్టెను.

“ఎవరూ?” అని లోపలినుండి శ్రావ్య యడిగెను.

ఏమని చెప్పవలెనో ఆమెకు వెంటనే తోచలేదు. అందరిని పేరడుగు ఆమెను పేరడిగినవారు లేక చాలకాలమయ్యెను.

“నేనేనే,” అనెను. ఆ కంఠము కొంచెము జీరవోయెను. జీరవోయినది తన కంఠమే యని ఆమె గుర్తించెను.

మునివ్రేళ్ళమీద నడచుట కలవాటుపడిన ఆ పిల్ల ధబధబ పరుగెత్తివచ్చి గడియ లాగి తలుపు బార్ల తెరచి ఇంటిలోనికి తిరిగి గొంతెత్తి అరచెను.

“నాన్నా! అమ్మొచ్చింది!”

ఇల్లు విడువనివారికి ఇల్లు చేరుట యనునది లేదు. ఇందుమతి నాటికి చేరినది గడపవరకే. చెప్పులు విడుచుటకై వంగినదై లేవక గడపముందటి రాతిపై నట్లే కూర్చుండి కన్నులు చెమ్మగిల్లునేమోయని వేచియుండెను; అవి పొడిగానే యుండెను. పిల్ల వచ్చి ఆమె వీపున కానుకొని కూర్చుండెను. లోపల ప్రభాకరము దీపము వేసెను. ఆ వెలుతురు గడపదాటి ఆమె పాదములమీద పడెను.